గడ్డిమందు కేసు

“ముందు ఏ క్యాన్సరో చెప్పన్నా. మిగతావన్నీ తర్వాత.”

అన్వర్ బాషా ఆ మాట అన్నది మూడు వారాల కిందట. అతనిది రాయచోటి. కువైట్‌లోని ఫర్వానియాలో చిన్న టైపింగ్ ఆఫీసు నడుపుతున్నాడు. గడ్డిమందు తయారుచేసిన విదేశీ కంపెనీల మీద ఆ దేశాల కోర్టుల్లో కేసులు పడుతున్నాయని ఆ ఏడాది, 2019లో, అందరి ఫోన్లలోనూ వార్తలు తిరిగాయి. అలాంటి కేసులు చూసే ఒక లాయరుకు ఇక్కడి నుంచి కాగితాలు పంపే పని బాషా కొత్తగా ఒప్పుకున్నాడు.

“అన్ని క్యాన్సర్లకూ కేసు నిలబడదన్నా. ఊపిరితిత్తులదయితే బీడీలు తాగినావంటారు. లింఫోమా అని ఒకటుంది. అందులోనూ నాన్ హాడ్జ్‌కిన్ అనే రకం. ఆ మాట డాక్టరు కాగితంలో ఉండాల. ఉంటే లాయరు నీ కేసు పట్టుకుంటాడు. లేదంటే ఖలాస్.”

సిద్ధయ్య మెడ పక్కనున్న గడ్డ తడుముకున్నాడు.

పదకొండేళ్లు ఒక తోటల కంపెనీలో పనిచేశాడు. పంపు వీపున తగిలించుకుని, ఇళ్ల ముందు పరిచిన రాళ్ల సందుల్లో, రోడ్ల మధ్య పూలమళ్లలో గడ్డిమందు కొట్టాడు. పంపు మూత దగ్గర కారేది. సాయంత్రానికి చొక్కా వీపంతా తడిసి ఉండేది. ఆ చొక్కాను ఎండలో ఆరేసుకుని మర్నాడు మళ్లీ వేసుకునేవాడు.

మొదటిసారి ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున్నే మీసం తీసేశాడు. అది ముప్పై ఏళ్ల మీసం.

“పెండ్లికొడుకు మాదిరుండావు పో,” అన్నారు ఒకే గదిలో కలిసి ఉండేవాళ్లు.

ఆ గదిలోనే ఉండే వెంకటరాముడు వ్యాను తోలుతాడు. సిద్ధయ్య ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ అతను పని మానేసేవాడు. టీ తాగడానికైనా కిందికి దిగేవాడు కాదు.

“జబ్బు ఆయనకి, సెలవు నీకా? బాగుందిరా నీ యవ్వారం,” అని నవ్వేవాళ్లు.

“అన్న కోసరం ఆ మాత్రం చెయ్యగూడదా?” అని గోడ వైపు తిరిగి పడుకునేవాడు వెంకటరాముడు.

సిద్ధయ్య భార్య గంగాదేవి ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. ఇంటి యజమానురాలు మామాను బతిమాలి పూట సెలవు తెచ్చుకుని భర్త వెంట వెళ్లేది. బస్సులో సిద్ధయ్య కిటికీ వైపు తిరిగి, పుట్టిన తేదీ నాలుగైదుసార్లు తనలో తాను చెప్పుకునేవాడు. కౌంటర్లో బతాకా చూపించాలి. ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్నవాళ్లకే ఇచ్చే ఆ గుర్తింపు కార్డు లేనిదే లోపలికి పంపరు, రోడ్డు మీద పోలీసులూ వదలరు. తేదీ అడిగితే తడబడకూడదు.

గడ్డలోంచి ముక్క తీశారు. డాక్టరు అనుమానపడి చెప్పిన జబ్బు పేరు ఇద్దరికీ నోరు తిరగలేదు; ఖాయంగా రిపోర్టులోనే తేలుతుందన్నాడు. రిపోర్టు కోసం ఆగిన రోజుల్లో గంగాదేవి గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది, బాషా చెప్పిన రకమే కావాలని. మొక్కుకున్నాక చెంపలు వేసుకుంది.

ఈ రోజు రిపోర్టు చేతికి వచ్చింది. నేరుగా బాషా ఆఫీసుకు వచ్చారు.

బాషా కాగితం మధ్యలో వేలు పెట్టాడు. పెదవులు కదిలాయి.

“ఉందన్నా! నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా. ఇదో, ఈడే!”

గంగాదేవి నవ్వింది. నవ్విన మరుక్షణం పైట నోట్లో కుక్కుకుంది.

“అయితే కేసు నిలబడతాదా?” అన్నాడు సిద్ధయ్య.

“నిలబడతాదన్నా. గెలిస్తే వైద్యం ఖర్చంతా వాళ్లదే. అక్కా, ఏడవద్దుమా.”

“ఈడుండేదానికి నాకు ఇఖామా లేదు బాషా. కంపెనీ మూసేసి రెండేండ్లాయె. పనిలో పెట్టుకున్న కఫీల్ మళ్లా కొట్టిచ్చల్యా.”

“కేసు కువైట్లో కాదు గదన్నా. నీ ఇఖామాతో ఆ లాయరుకేం పని? జబ్బుండాల, మందు కొట్టినట్టు రుజువుండాల. అంతే.”

రుజువులు గంగాదేవి దగ్గరున్నాయి. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. కంపెనీ ఇచ్చిన జీతం చీటీలు. సిద్ధయ్య పేరున్న పాత ఉద్యోగం కార్డు. వీపున పంపుతో, పక్కన మందు డబ్బాతో తీయించుకున్న ఫోటో.

“ఇది నువ్వేనా అన్నా? ఆ మీసంతో పోలీసాయన మాదిరుండావే!”

“నేనే. తీసేసినా.”

“మళ్లా పెంచు. లాయరు గుర్తుపట్టాల గదా.”

సిద్ధయ్య నవ్వలేదు. గంగాదేవి చూపు నేల మీదే ఉంది.

బాషా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

“పేరు?”

“సిద్ధయ్య.”

“వయసు?”

“యాభై మూడు.”

“ఏం పని?”

“గడ్డిమందు కొట్టేది.”

జబ్బు పేరును రిపోర్టులో చూసుకుంటూ ఒక్కో అక్షరమే టైపు చేశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నాడు.

“ఇంగొక్కటే. ఫారంలో పేరు, రిపోర్టులో పేరు ఒకటే ఉండాల. సరిచూసి పంపేస్తా. యల్లా!”

సిద్ధయ్య చెయ్యి మీసం లేని పెదవి మీదికి వెళ్లింది. గంగాదేవి జీతం చీటీలను మళ్లీ కవర్లో సర్దడం మొదలుపెట్టింది.

బాషా వేలు జబ్బు పేరు దగ్గర నుంచి మెల్లగా పైకి జరిగి, కాగితం మొదటి వరసలో, పేషంటు పేరు దగ్గర ఆగింది.

“అన్నా, ఈ వెంకటరాముడు ఎవరు?”