దీపం దించి చూశాక

గల్ఫ్‌లో ఇంటిపనివాళ్లకు శుక్రవారం సెలవు దొరకడమే గగనం. దొరికిన ఆ ఒక్క పూటా నరసాయమ్మ నిద్రపోలేదు. జుఫైర్‌లో బస్సెక్కి, బహ్రెయిన్ ఎండలో కాళ్లీడ్చుకుంటూ ఆ పాత నీళ్ల తొట్టి దగ్గరకు వచ్చింది.

నేల కింద రాతితో కట్టిన తొట్టి. ఏ కాలం నాటిదో! జనం వేడుకగా చూసి పోతున్నారు.

ఆమెకు వేడుకేముంది? బాగుచేసేటప్పుడు పూడిక తీయడానికి దిగిన ఆమె మొగుడు గంగరాజు అందులోనే పోయాడు.

మెట్ల దగ్గర ఒక ముసలాయన అడ్డంగా కూర్చున్నాడు. డబ్బాలో కొవ్వొత్తి వెలిగించి, తాడు కట్టి లోపలికి దించుతున్నాడు.

“జర ఆగు బిడ్డా. దీపం దించి చూస్త.”

“లోపల కరెంటు లైట్లున్నాయి కదండీ.”

“లైటుకు గాలి సంగతి ఎర్కుండది. దీపం ఆరితే మనిషి దిగొద్దు.” మాట పూర్తికాకుండానే ఆయాసం ముంచుకొచ్చింది.

అసలే ఒళ్లు హూనమై ఉందేమో, నరసాయమ్మకు ఒళ్లు మండింది.

“మా ఆయన లోపల పడిపోతే అందరూ గట్టున నిలబడి చూశారంట. ఒక్కడు దిగలేదు! ఇప్పుడు నాకు దీపాలు పడతారా? తప్పుకోండి!”

తాడు మీద ముసలాయన చెయ్యి ఆగిపోయింది. డబ్బా పైకి లాగి చూశాడు.

“ఆరలే. పో బిడ్డా,” అని గోడకు ఒదిగాడు.

లోపల చెమ్మ వాసన. నరసాయమ్మ రాతిమీద అరచెయ్యి ఆనించింది. ఆఖరి ఘడియలో ఆ మనిషికి ఒక్క చెయ్యైనా అందలేదే అన్నదే ఆమె దుఃఖం. ఏడుద్దామనే వచ్చింది. ఏడవడానికీ ఓపిక లేకపోయింది.

పైకొచ్చేసరికి మెట్టు ఖాళీ. కాపలా ఉండే భూమేష్ ఆ డబ్బాను తీసి లోపల పెడుతున్నాడు.

“ఆ ముసలాయనేరి?”

“లచ్చన్ననా? వీసా ఖలాస్ అయిందమ్మా. ఇయ్యాలనే ఊరికి. ఇగో, ఇప్పుడే ఎయిర్‌పోర్టుకు పోయిండు.”

“ఆయనకి ఈ దీపం పిచ్చేంటి?”

భూమేష్ తల వంచుకున్నాడు.

“పూడిక తీసేటప్పుడు గంగరాజని ఒకాయన గాలాడక అండ్ల పడిపోయిండు. మేమందరం బయపడి పైన్నే నిలవడ్డం, లచ్చన్న ఒక్కడే దిగిండు. ఫైరోళ్లు పోయి చూస్తే ఇద్దరికీ సోయి లేదమ్మా. గంగరాజు తల మాత్రం లచ్చన్న ఒళ్లనే ఉండె.”