మాగాయ చెప్పినంతసేపు

మా వీధి మనిషినైనా వస్తువునైనా మూడు నిమిషాలకు మించి దారిలో నిలవనివ్వదు. మోసుకుపోయి వార్డు యార్డులో దింపేస్తుంది. పెళ్లిపందిరికి మాత్రం ఎదురింటివాళ్ల సంతకం ఉంటే ఊరుకుంటుంది. మా ఎదురింటి భ్రమరాంబగారు సంతకం పెట్టలేదు. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు పందిరితో సహా అందరం యార్డుకు చేరాం. పట్టుబడిన తోపుడుబళ్ల మధ్య మా ఆయన నాకు తాళి కట్టారు.

ఈ ఉదయం ఆవిడ పట్టుచీర కట్టుకుని కూతురి నిశ్చితార్థానికి బయల్దేరారు. నేను గేటు దాకా పరుగెత్తి, లోపలే నిలబడ్డాను.

"పిన్నిగారూ, మాగాయ ఎలా పెడతారండీ? మా ఆయనకు మీ చేతి మాగాయే కావాలట!"

ఆవిడ ఆగిపోయారు. "అదీ రాదుటే పిల్లా? ముక్కలు ఉప్పులో మూడ్రోజులు ఊరాలి. తర్వాత ఊట పిండేసి ఎండబెట్టాలి."

ఆవిడ కారం కొలతల దాకా వివరంగా చెప్పుకుపోయారు. కిటికీలోంచి మా ఆయన వేళ్లతో ఆఖరి పది సెకన్లు లెక్కపెడుతున్నారు. నాకు నవ్వాగడం లేదు.

"మరి ఊట పారబోసేయాలాండీ?"

"అయ్యో! ఊటే కదే దాని ప్రాణం!"

ఆవిడ కాళ్ల కింద రాళ్లు కదిలాయి. పట్టుకొంగు ఎగురుతుండగా యార్డు వైపు సాగిపోతూ, మలుపు దాకా అరుస్తూనే ఉన్నారు.

"దొంగమొహమా, నీ పని చెబుతానుండు! మెంతులు మాత్రం మాడ్చకు!"