గౌను గుండీ

"మళ్ళీ తెంపుకొచ్చావా? గుండీలేమైనా చెట్టుకు కాస్తున్నాయా?" అని ఆ పాప మీద విసుక్కున్నాను. నా తెలుగు దానికి అర్థం కాదు, దాని భాష నాకు రాదు.

"పరాయి దేశంలో పొద్దస్తమానం ఒక్కదానివే కూర్చుంటే పిచ్చెక్కుతుంది" అని మా ఆయనే నన్ను ఈ పేదపిల్లల బడికి సాయానికి పంపారు. పాఠాలు చెప్పేంత చదువు నాకు లేదు. పిల్లల చిరిగిన బట్టలు కుట్టిపెడతాను. ఎవరికి కుట్టినా నిలుస్తుంది, ఈ పాప గౌను గుండీ మాత్రం రోజూ ఊడుతుంది. కుడుతున్నంతసేపూ నా మీదికి ఒరిగిపోయి చెయ్యి ఆడనివ్వదు.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పుకుంటే నవ్వారు. "నీ కుట్టు అంత గట్టిది మరి!"

నాకు రోషమొచ్చింది. మర్నాడు గోనెసంచులు కుట్టే దారంతో బిగించాను. "ఇప్పుడు తెంపు, చూస్తాను."

తర్వాతి రోజు పాప నా దగ్గరకు రాలేదు. దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. గుండీ ఊడలేదు. చుట్టూ బట్టంతా ఎంగిలితో తడిసింది. గుండీ నిండా పంటిగాట్లు.

"ఇటు రా తల్లీ" అని ఒడిలోకి లాక్కున్నాను. కత్తెరతో ఆ గుండీని నేనే తెంపి, మళ్ళీ తీరిగ్గా కుట్టడం మొదలుపెట్టాను.