ఈకలున్నంత మాత్రాన

రాయ్‌పూర్ క్రైస్తవ శ్మశానంలో అబ్రహాం శవపెట్టె అప్పుడే గుంతలోకి దిగింది. తాళ్లయినా తీయకముందే క్రిస్టోఫర్ పార ఎత్తి శామ్సన్ నుదుటి మీద కొట్టాడు.

"చల్, నికల్! బీర్‌గావ్‌లో నాన్న ఉంచుకున్నదాని కొడుకువి. మా నాన్నకి నువ్వు మన్ను వేస్తావురా?"

"నాకూ నాన్నేగా అన్నా. ఒక్క గుప్పెడు వేసి పోతాను," అన్నాడు శామ్సన్ నెత్తురు తుడుచుకుంటూ.

"ఈకలున్న ప్రతిదీ పక్షి అయిపోదురా!" పార మళ్లీ లేచింది.

"నిజమే, అయిపోదు," అంది క్రిస్టోఫర్ భార్య లిడియా. ఆమె కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. "ఇప్పుడు బతికున్న పక్షులన్నీ ఏ చివరి పూర్వీకుడి దగ్గర కలుస్తాయో, ఆ పూర్వీకుడి సంతానాన్నే సైంటిస్టులు ఆధునిక పక్షులంటారు. ఎగరలేని నిప్పుకోడి కూడా అందులోదే. అంతకుముందే చీలిపోయినవాటికి ఈకలున్నా, రెక్కలున్నా ఆ గుంపులో చోటు లేదు. పుట్టుకే చూస్తారండీ. ఆ లెక్కన మామయ్యగారి గుంపులో ఎవరుంటారో చెప్పండి."

పార గాలిలోనే ఆగిపోయింది.

ఎవరో ఆసుపత్రిలో వదిలేసి పోయిన పసిగుడ్డును, అక్కడ నర్సుగా ఉన్న అబ్రహాం భార్య ఇంటికి తెచ్చి క్రిస్టోఫర్ అని పేరు పెట్టుకుంది. ఆ సంగతి బంధువులందరికీ తెలుసు. అతనే మరిచిపోయి బతుకుతున్నాడు.

పార కింద పడేసి అతను గేటు వైపు నడిచాడు.

శామ్సన్ పరుగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. నెత్తురంటిన గుప్పెడు మన్ను అందులో పోశాడు.

"మనం పక్షులం కాదుగా అన్నా. పెద్దోడివి, ముందు నువ్వెయ్యి."