నువ్వుగింజ నానని నోరు

దర్జీ నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతటికీ తెలుసు.

ఎవరి నడుము ఎన్ని అంగుళాలు పెరిగిందో సాయంత్రానికల్లా వీధి చివరి దాకా చేరిపోతుంది. చెడ్డ మనిషి కాదు పాపం. కడుపులో ఏదీ దాచుకోలేడు, అంతే.

అలాంటి మనిషి ఆ రోజు కత్తెర పక్కన పెట్టి, కూతుర్ని వెంటబెట్టుకుని కాలేజీ చూడటానికి బయలుదేరాడు.

చిట్టికి పదిహేడేళ్ళు. కంప్యూటర్లు తప్ప ఇంకేదీ చదవనని భీష్మించుకు కూర్చుంది. రెండు కాలేజీల్లో సీటొచ్చింది. ఏదో ఒకటి సాయంత్రంలోగా తేల్చుకోవాలి. చేరాక నాలుగేళ్ళు కదలడానికి లేదు.

"ఇంక వేరేది చూడక్కర్లేదే చిట్టీ," అన్నాడు మొదటి కాలేజీ గేటు దగ్గరే. "ఆ అద్దాలు చూడు! మన మొహాలు మనకే కనిపిస్తున్నాయి."

"నేనొచ్చింది చదువుకోవడానికి నాన్నా, తల దువ్వుకోవడానికి కాదు."

పైన ల్యాబులో వరసగా నలభై కంప్యూటర్లు, నిగనిగలాడుతున్నాయి. ఒక బల్ల కింద నుంచి రెండు కాళ్ళు కనిపించాయి.

"ఎవరయ్యా అక్కడ?"

ఒకాయన పాకుతూ బయటికొచ్చాడు. నెత్తిన బూజు, మోచేతి దగ్గర చిరిగిన చొక్కా, చేతిలో స్క్రూడ్రైవరు.

"మెకానిక్కువా?"

"ఇవాళ్టికి అంతే అనుకోండి," ఆయన నవ్వి చిట్టి వైపు తిరిగాడు. "కంప్యూటర్‌తో ఏం చెయ్యాలనుందమ్మా?"

చిట్టిని ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందరూ మార్కులెన్నని అడిగినవాళ్ళే.

"నాన్న కొలతలన్నీ చిత్తుకాగితాల మీద రాసి పారేసుకుంటాడండీ. కొలతలిస్తే గుడ్డ ఎలా కత్తిరించాలో గీసిచ్చే ప్రోగ్రామ్ రాయాలి."

ఆయన మొహం వెలిగిపోయింది. నేలమీదే చతికిలబడ్డాడు.

"మరి చంక దగ్గర వంపు ఎలా లెక్కకడతావ్?"

చిట్టి చెప్పింది.

"తప్పే. కానీ మంచి తప్పు," అని మురిసిపోయాడు. ఇంకెక్కడ సీటొచ్చిందో అడిగి తెలుసుకున్నాడు. తర్వాత గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అయ్యా, కుట్టుమిషను బాగా పనిచేసిందో, ఊరికే పడి ఉందో మీకెలా తెలుస్తుంది?"

"ఆ మాత్రం తెలియదా? సూది కింద పలక చూస్తే చాలు. గుడ్డ రాసుకుని రాసుకుని నున్నగా అరిగిపోతుంది."

"ఇప్పుడు దీన్ని చూడండి."

కీబోర్డు మీద కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది.

"కొని మూడేళ్ళయింది. మీ రెండో కాలేజీలో గోడలు పెచ్చులూడి ఉంటాయి, కానీ కీబోర్డుల మీద అక్షరాలు అరిగిపోయాయి. అమ్మాయిని అక్కడ చేర్చండి. నేను చెప్పానని మాత్రం ఎవరితోనూ అనకండి."

ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పాడు మహానుభావుడు!

కింద ఆఫీసులో టై కట్టుకున్న గుమాస్తా ఫారం ముందుకు తోశాడు. "చేరుతున్నారా సార్?"

"చేరేవాళ్ళమే. మీ మెకానిక్కే వద్దంటున్నాడు. అదే, మోచేతి దగ్గర చొక్కా చిరిగినాయన. కాస్త కనిపెట్టి ఉండండి బాబూ."

గుమాస్తా నవ్వు ఆగిపోయింది. ఫోను అందుకున్నాడు.

బయటికి రాగానే చిట్టి తండ్రి చెయ్యి గిల్లింది. "చెప్పొద్దన్నారు కదా నాన్నా!"

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడి మాట మనకెందుకే?"

చిట్టి మూతి ముడుచుకుంది. కూతురు మూతి ముడిస్తే దర్జీ తట్టుకోలేడు. రెండో కాలేజీ బస్సెక్కాడు.

అక్కడ భోజనాల వేళ కూడా ల్యాబు తలుపు తెరిచే ఉంది. కుర్చీకి ఇద్దరు చొప్పున పిల్లలు. అరిగిపోయిన అక్షరాల చోట ఎవరో పెన్నుతో రాసుకున్నారు. దర్జీ ఒక మీట మీద బొటనవేలు రాసి చూశాడు. షాపులో మిషను పలకంత నున్నగా ఉంది.

"ఇక్కడేనే చిట్టీ," అన్నాడు.

ఏడాది తిరిగేసరికి చిట్టి ప్రోగ్రామ్ పనిచేసింది.

"మొదటి చొక్కా ఆ మెకానిక్కుగారికే. కొలతలు చెప్పు నాన్నా."

ఒక్కసారి చూసిన ఒళ్ళు దర్జీ కన్ను మర్చిపోదు. "ఛాతీ ముప్పై ఎనిమిది. ఎడమ భుజం కాస్త జారు."

మోచేతుల దగ్గర లోపల రెండో గుడ్డ వేసి మరీ కుట్టాడు. చిట్టికి పరీక్షలు. పొట్లం తనే పట్టుకుని అద్దాల కాలేజీకి వెళ్ళాడు.

"మీ మెకానిక్కు ఉన్నాడా? ఎప్పుడూ స్క్రూడ్రైవరు పట్టుకుని..."

"ఆయనా?" అన్నాడు వాచ్‌మన్. "పోయినేడు అడ్మిషన్లప్పుడే తీసేశారండీ. ఇక్కడ చేరొద్దన్నాడని ఎవరో తండ్రి ఆఫీసులో చెప్పేశాడట."

దర్జీ చేతిలో పొట్లం నలిగింది.

"పోతూ కూడా నవ్వాడండీ. ఒక్క పిల్లయినా మంచి చోట పడింది, చాలన్నాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఎవరికీ తెలీదు."

"చేతిలో పనుంది కదా. మెకానిక్కుకి ఎక్కడైనా దొరుకుతుందిలే," దర్జీ తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు.

"మెకానిక్కేంటండీ! కంప్యూటర్ల విభాగం మొత్తానికీ హెడ్డు ఆయన. ఆ ల్యాబు పిల్లలకి తెరవండని మూడేళ్ళు పోట్లాడాడు. ఎవరూ వినకపోతే తనే బల్లల కింద దూరి వైర్లు కలుపుకునేవాడు. ఇంతకీ ఆయనకి మీరేమవుతారు?"

దర్జీ నోరు తెరిచాడు.

జీవితంలో మొదటిసారి, ఆ నోట్లో నువ్వుగింజ నానింది.