మరూక్లా కట్టిన శోకం

గాలిమర వాళ్ళ కోడలు కొండ వాలులో ఆకుకూర కోస్తుంటే విన్నదట. వచ్చి పక్కింటి కలిత్సాకు చెప్పిందట. కలిత్సా కడుపులో మాట దాగదు కనుక పొద్దున్నే గోడ మీదుగా సెవస్తికి చేరవేసింది. మరూక్లా కొత్త శోకం, చావింట పాడే పాట, కడుతోంది. మేకల దొడ్డి వెనక ఒక్కతే కూర్చుని, గొంతు తగ్గించి, మాట మాటకీ ఆగి దిద్దుకుంటోంది. ఒక చరణమైతే గాలిమర కోడలి చేత బుట్ట కింద పెట్టించి ఏడిపించిందట: “ఊరి గడపలన్నీ ఎరిగిన కాళ్ళు ఇంక ఏ గడప దగ్గరా ఆగవు.”

“ఎవరి కోసమే?” అంది సెవస్తి.

కలిత్సా నాలుక కరుచుకుంది. పొయ్యి మీద చిక్కుళ్ళు మాడుతున్నాయంటూ లోపలికి పోయింది.

సెవస్తి గుండెలో నిప్పు పడింది. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఏ ఇంట ప్రాణం పోయినా, శవం తల దగ్గర పీట ఆమెది. పోయినవాళ్ళ పేరు, చేసిన పని, పడిన కష్టం, తీరని కోరిక, అన్నీ పాటలో అల్లి రాయిలాంటి మగాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించేది. ఒక్కో మనిషికి ఒక్కో శోకం. ఒకరిది ఇంకొకరికి పాడరు. మరూక్లా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. అలాంటిది ఈ చలికాలం రెండు చావులకీ దాన్నే పిలిచారు. దగ్గుతున్నావు కదత్తా, చలిలో నీకెందుకు శ్రమ అన్నారు. దగ్గు ఎవరికి రాదు? ఈ ముసుగు మాటలు తనకు తెలియనివా?

ఇప్పుడు మనిషి పోకముందే శోకం తయారవుతోంది. అంటే ఎవరికో మూడింది. ఆ ఇల్లేదో తనకు తెలియకుండా దాస్తున్నారు.

గడపలన్నీ ఎరిగిన కాళ్ళు. ఆ మాట తనకెందుకు తట్టలేదు? ఆ బాధతో సెవస్తికి రొట్టె గొంతు దిగలేదు. అసలే ఈస్టర్ ముందు ఉపవాసాలు, నూనె లేదు, చేప లేదు. పావడా నడుము దగ్గర ఇంకో మడత వేసి పిన్ను గుచ్చుకుని బయల్దేరింది.

గడపలన్నీ ఎరిగినవాళ్ళలో ముందు ముసలి పోస్ట్‌మాన్ నికోలిస్ ఇంటికి. తొంభై ఏళ్ళవాడు ఎండలో కూర్చుని వల అల్లుకుంటున్నాడు. ఒంట్లో ఎలా ఉంది బావా అని అడిగింది.

“నా తల దగ్గర పీట మీద కన్నేశావా? ఇంకో నాలుగేళ్ళు పడుతుంది మరి,” అని నవ్వబోయి, ఎందుకో మానేశాడు. పక్కనున్న నారింజలన్నీ ఆమె ఒళ్ళో పోశాడు.

తర్వాత మంత్రసాని. ఆమె దుక్కలా ఉంది. ఉల్లిపాయలు తరగడం ఆపి, సెవస్తిని కూర్చోబెట్టి, తేనె సీసా చేతిలో పెట్టి పంపింది. ఆ వారమంతా ఏ ఇంటికి పోయినా ఇదే వరస. ఒకరు అత్తిపళ్ళు, ఒకరు ఉన్ని సాక్సులు. సెవస్తికి ఒళ్ళు మండింది. కొత్తదాన్ని నెత్తిన పెట్టుకున్నారు కనుక పాతదాని నోరు తీపి చేస్తున్నారు. కొడుకు మినాస్‌ను నిలదీస్తే, పడవకు రంగు వేయాలంటూ లేచిపోయాడు. వాడూ ఆ జట్టే.

ఈస్టర్‌కు ముందు వారం లాజరు శనివారం నాడు ఆడవాళ్ళంతా ఊరి పొయ్యి దగ్గర చేరి, చచ్చి లేచిన లాజరు పేరిట చేతులు కట్టుకున్న మనిషి ఆకారంలో చిన్న రొట్టెలు చేస్తున్నారు. మరూక్లా కూడా ఉంది. సెవస్తి నేరుగా వచ్చి దాని ముందు నిలబడింది.

“ఎవరికి కట్టావే?”

మరూక్లా పిండి పిసుకుతూనే ఉంది.

“నేర్పింది నేను. పీట నాది. ఏ ఇల్లో చెప్పు, పోయి కూర్చుంటాను. నీ తప్పులు ఊరంతా వినకముందే దిద్దుతాను.”

“వద్దత్తా. ఇంటికి పద, దిగబెడతాను.”

“నా ఎంగిలి తిని పెరిగి నాకే దారి చూపిస్తావా? ఆ గడపలు, ఆ కాళ్ళు, ఆ మాటలు నీవి కావే. నా గొంతులోవి ఎత్తుకుపోయావు. నేను పాడలేని శోకం ఈ దీవిలో ఇంకా పుట్టలేదు.”

ఆడవాళ్ళు రొట్టెల మీదికి వంగిపోయారు. కలిత్సా తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది. మరూక్లా చేతుల పిండి దులుపుకుని అప్పుడు తలెత్తింది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఇదొక్కటీ నువ్వు పాడలేవత్తా, ఇది నీకే కట్టాను.”