నీలం చొక్కా సారు

“ఈ పిల్లకి టీసీ ఇచ్చి పంపించేయండి మేడమ్! ఉంచితే రేపు కాలేజీనే తగలబెడుతుంది!”

కెమిస్ట్రీ లెక్చరర్ శాలేమురాజు అరుపుకి ప్రిన్సిపాల్ గది అదిరింది. ఎదురుగా సాయి ప్రియ తలవంచుకుని నిలబడింది. ఆమె ఏప్రన్ నిండా యాసిడ్ చిల్లులు. టీసీ ఇచ్చి పంపేస్తే, ఆన్‌లైన్ పాఠాల కోసమని తన ఫోను కూతురికిచ్చేసి, రేపల్లెలో ఉత్త చేతులతో తిరుగుతున్న నాన్నకి ఏం చెప్పాలి?

“ఏం జరిగిందమ్మా?” ప్రిన్సిపాల్ కరుణశ్రీ అడిగింది.

“సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో నీళ్లు పోశానండి. పొంగి చిమ్మిందండి.”

“విన్నారా? నీళ్లలో యాసిడ్ కొద్దికొద్దిగా పోయాలిగానీ, యాసిడ్‌లో నీళ్లు పోస్తారా ఎవరైనా? మిగతా క్లాసంతా సరిగ్గానే చేసిందిగా! నా వీడియో చూసుంటే ఈ ఖర్మ పట్టేదా?”

శాలేమురాజు వీడియోలంటే బాపట్లలో ఆ కాలేజీకి మహా గొప్ప. ఫ్లెక్సీల మీద ఆయన బొమ్మే. రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చిపోతూ కూడా పాఠం మీద పాఠం పెట్టేవాడు మహానుభావుడు. కాలేజీ కొత్త కంప్యూటర్ కొనిచ్చాక ఇంకా జోరు పెరిగింది. అన్నింట్లోనూ అదే నీలం చొక్కా, అదే నవ్వు, ఒక్క దగ్గు కూడా లేని గొంతు. క్లాసులో మాత్రం “గొంతు పోయిందిరా, వీడియో చూసుకోండి” అని కుర్చీలో వాలిపోయేవాడు. పాపం, అంత కష్టం మరి! పిల్లలు ఫోన్లలో పాఠం పెట్టేసి క్రికెట్‌కి పోయేవారు. ప్రాక్టికల్స్‌కి సీనియర్ల రికార్డులు ఉండనే ఉన్నాయి.

“చూశానండి. బస్సులో రెండుసార్లు చూశాను,” అంది సాయి ప్రియ.

“పచ్చి అబద్ధం! ఆ పాఠం పెట్టించండి మేడమ్, ఇప్పుడే తేలిపోతుంది.”

సాయి ప్రియ పాఠం పెట్టి ఫోను బల్లమీద ఉంచింది. నీలం చొక్కా నవ్వింది.

“ముందుగా బీకరులో గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ తీసుకోండి. ఇప్పుడు అందులో ధైర్యంగా నీళ్లు పోయండి.”

కరుణశ్రీ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

“ఇది మీ గొంతేగా, సార్?”

శాలేమురాజు ఫోను మీదికి వంగాడు.

కంప్యూటర్ తన బొమ్మతో, తన గొంతుతో తయారుచేసి పెట్టిన ఆ పాఠం ఆయన వినడం అదే మొదటిసారి.